మూడు బ్యాండ్లు వచ్చాయంటే మూడు లాకేజ్‌లు ఉన్నట్టేనా?

ముందు ప్రశ్న ఏంటో క్లుప్తంగా రాస్తాను, తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వచ్చి చదివితే తలాతోకా తెలియాలి కదా. కర్నూలులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్న అమ్మాయి తన ప్రాజెక్టు కోసం ఆయిస్టర్ పుట్టగొడుగు కల్చర్‌ను శనక్కాయ పొట్టు మీద పెంచింది. పదిహేనో రోజు బఫర్ పోసి పిండి, వడగట్టి, ఆ రసాన్ని ఎంజైముల పని చెడకుండా ప్రోటీన్లను విడదీసే నేటివ్ జెల్ మీద నడిపి, లాకేజ్ అనే ఎంజైమ్ తగిలితే ఆకుపచ్చగా మారే ఎబిటిఎస్‌లో ముంచితే మూడు ఆకుపచ్చ బ్యాండ్లు వచ్చాయి. ల్యాబులో పెద్దవాళ్లొకరు చూసి "కంటామినేషన్ అయింది, మళ్లీ పెట్టు" అన్నారట. దానికి తోడు ఎబిటిఎస్‌తో కొలిస్తే పీహెచ్ 3 దగ్గర యాక్టివిటీ ఎక్కువ, గ్వాయకాల్ అనే ఫీనాల్‌తో కొలిస్తే 5.5 దగ్గర ఎక్కువ. పుస్తకంలో లాకేజ్ అంటే నీలం రంగు ఎంజైమ్ అని ఉంది, తన శాంపిల్ చూస్తే టీ డికాక్షన్ రంగు. వచ్చే నెల వైవా, చాలా టెన్షన్‌గా ఉంది, అసలు ఇది లాకేజేనా, ఒకటా మూడా, ధర్మవరం పట్టు అద్దకాల రంగు నీళ్లకు ఇందులో ఏది పనికొస్తుంది అని అడిగింది.

నేను అనంతపురంలో ఉంటాను, చెక్కను తినే ఫంగస్‌ల ఎంజైములతో ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. అమ్మా, కల్చర్ పారేయకండి. మూడు బ్యాండ్లు వచ్చినంత మాత్రాన కంటామినేషన్ అనడానికి లేదు, ఒకే ఫంగస్ ఒకే సమయంలో రెండు మూడు రకాల లాకేజ్‌లు వదలడం చాలా మామూలు సంగతి. అలాగని "మూడు ఐసోఎంజైములు (ఒకే పని చేసే వేరు వేరు రూపాలు) కనుగొన్నాను" అని రికార్డులో రాసేయడానికీ ఇప్పటికి మీ దగ్గర ఆధారం లేదు. బ్యాండ్ అంటే ఆ చోట రంగు వచ్చిందని మాత్రమే, అక్కడ ఏముందో తేల్చడం వేరే పని, ఆ పని ఒక నెలలో మీ ల్యాబులోనే చాలావరకు అవుతుంది.

లాకేజ్ గురించి వైవాలో మొదట అడిగేవి త్వరగా చెప్పేస్తాను. 1883లో జపాన్‌కు చెందిన యోషిదా అక్కడి లక్క చెట్టు పాలు గాలి తగిలితే ఎందుకు గట్టిపడి నల్లబడతాయో చూస్తూ ఈ ఎంజైమ్‌ను గుర్తించాడు, తర్వాత పదేళ్లు దాటాక ఫ్రాన్స్‌లో బెర్ట్రాండ్ దానికి లాకేజ్ అని పేరు పెట్టి, 1896 నాటికి పుట్టగొడుగుల్లో కూడా ఉందని చూపించాడు. పేరు వినగానే మనవాళ్లు లక్క గాజుల లక్క అనుకుంటారు. ఆ లక్క పురుగు స్రవించేది, ఇది చెట్టు పాలు, రెండింటికీ రసాయనంగా పోలిక లేదు, మాట మాత్రం మన లాక్షా అనే సంస్కృత పదం నుంచే ఊళ్లు తిరిగి అక్కడిదాకా పోయింది. ఇది చేసే పని ఏంటంటే ఫీనాల్ లాంటి పదార్థం నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ లాక్కుంటుంది, అలా నాలుగు పోగుచేసుకుని ఒక ఆక్సిజన్ అణువును రెండు నీటి అణువులుగా మారుస్తుంది. పెరాక్సైడ్ అక్కర్లేదు, గాలి చాలు. ఈ ఒక్క గుణం వల్లే పరిశ్రమలకు దీని మీద అంత ఆశ.

ఇందుకు దాని లోపల నాలుగు రాగి అణువులు ఉంటాయి. టైప్ 1 రాగి ఒకటి, పైపైన ఉండి ఫీనాల్ దగ్గర ఎలక్ట్రాన్ తీసుకునేది ఇదే, నీలం రంగు కూడా దీనివల్లే. టైప్ 2 ఒకటి, టైప్ 3 జంట, ఈ మూడూ కలిసి లోపల ఒక గుంపుగా ఉంటాయి, ఆక్సిజన్ పని అక్కడ జరుగుతుంది. రెండు చోట్ల మధ్య దూరం 12, 13 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఎలక్ట్రాన్ హిస్టిడిన్, సిస్టీన్, హిస్టిడిన్ అనే మూడు మెట్ల మీదుగా దాటుతుంది. రాగిని పట్టుకునే ఆ పది హిస్టిడిన్లు, ఒక సిస్టీన్ దాదాపు ప్రతి ఫంగస్ లాకేజ్‌లోనూ అలాగే ఉంటాయి. మిగతాదంతా మారుతుంది: బరువు ఎక్కువగా 60 నుంచి 70 కిలోడాల్టన్లు, పిఐ (ప్రోటీన్ నికర చార్జ్ సున్నా అయ్యే పీహెచ్) సాధారణంగా 3 నుంచి 6, ఒంటికి అంటుకున్న చక్కెరలు బరువులో పదో వంతు నుంచి పావు వంతు దాకా. మధ్యలో ఉన్న యంత్రం ఒకటే, చుట్టూ ఉన్న కట్టడం వేరు వేరు, ఆ తేడాలే మీ జెల్ మీద బ్యాండ్లుగా కనిపిస్తాయి.

సరే, అసలు విషయానికి వద్దాం, ఒకే ఫంగస్‌లో ఇన్ని రూపాలు ఎక్కడి నుంచి వస్తాయి?

మొదటి కారణం జన్యువులే ఎక్కువ ఉండడం. మీ ఆయిస్టర్ పుట్టగొడుగు, అంటే ప్లూరోటస్ ఆస్ట్రియేటస్ జీనోమ్ చదివితే అందులో లాకేజ్ జన్యువులు 12 దొరికాయి, వాటిలో చాలా ఒకే క్రోమోజోమ్ కొస దగ్గర పక్కపక్కనే గుంపుగా ఉన్నాయి. పేడ మీద, గడ్డి మీద మొలిచే సిరాపుట్టగొడుగు కాప్రినాప్సిస్ సినేరియాలో 17. ఇంకో వైపు, లిగ్నిన్‌ను అందరికంటే బాగా తినేదని పేరున్న ఫానిరోకీట్ క్రైసోస్పోరియం జీనోమ్ 2004లో అచ్చయితే అందులో అసలైన లాకేజ్ జన్యువు ఒక్కటీ కనపడలేదు, దగ్గరి చుట్టాలైన వేరే రాగి ఎంజైములు మాత్రం ఉన్నాయి. అంటే చెక్క కుళ్లబెట్టడానికి లాకేజ్ తప్పనిసరి అని వైవాలో చెప్పకండి, చాలామంది పొరపాటున చెప్తారు.

12 జన్యువులు ఉన్నాయి కదా అని 12 బ్యాండ్లు రావు. ఏ జన్యువు ఎప్పుడు మేలుకుంటుందో తిండిని బట్టి, వయసును బట్టి, నత్రజనిని బట్టి, రాగిని బట్టి ఉంటుంది. ఆ జన్యువుల ముందు భాగంలో లోహాలను గుర్తించే చిన్న చిన్న ముక్కలు, ఫీనాల్ లాంటి పరాయి పదార్థాలను గుర్తించే ముక్కలు ఉంటాయి, ఒక్కో జన్యువుకు వాటి కలయిక వేరు. అందుకే ద్రవంలో పెంచితే ఒక రకం, పొట్టు మీద పెంచితే ఇంకో రకం బ్యాండ్ల వరస వస్తుంది, కొన్ని జన్యువులు ఫంగస్ పొట్టులో పాకుతున్నప్పుడు, కొన్ని పుట్టగొడుగు పైకి వస్తున్నప్పుడు మాత్రమే పని చేస్తాయి. మార్కెట్లో దొరికే బటన్ పుట్టగొడుగులో అయితే, కంపోస్టు నిండా దారాలు అల్లుకునే రోజుల్లో లాకేజ్ బాగా పెరిగి, పుట్టగొడుగు మొగ్గ తొడగగానే గబగబా పడిపోతుంది. మీరు పదిహేనో రోజు ఒక్కటే తీశారు. నేనైతే అయిదు, పది, పదిహేను, ఇరవై రోజుల శాంపిళ్లు ఒకే జెల్ మీద పక్కపక్కన నడుపుతాను, అందులో తెలిసేంత విషయం ఒక్క రోజు శాంపిల్‌ను ఎన్నిసార్లు నడిపినా తెలియదు.

రాగి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, కాపర్ సల్ఫేట్ అంటే మన చీనీ తోటల్లో బోర్డో పేస్టుకు కలిపే మైలుతుత్తమే. రైతు దాన్ని ఫంగస్‌ను చంపడానికి పూస్తాడు, మనం ల్యాబులో 0.1, 0.2 మిల్లీమోలార్ లాంటి కొంచెం మోతాదులో వేస్తే అదే ఫంగస్ లాకేజ్‌ను ఎన్నో రెట్లు ఎక్కువ చేస్తుంది. మోతాదు పెంచితే మాత్రం ఎదుగుదల ఆగిపోతుంది. ఇటలీలో నేపుల్స్ శాస్త్రవేత్తలు 2000లో ఇదే ఆయిస్టర్ మీద 150 మైక్రోమోలార్ రాగి వేసి చూపించారు, అన్ని రూపాలూ సమానంగా పెరగలేదు, కొన్ని బాగా పెరిగాయి, కొన్ని అంతగా పెరగలేదు. మీకు ఇది మంచి పరీక్ష. రాగి వేసిన కుండీ, వేయని కుండీ రెండూ ఒకే రోజు తీసి నడపండి, మూడు బ్యాండ్లలో ఒకటి మాత్రమే లావైతే అది వేరే జన్యువుదే అన్న అనుమానానికి బలం వస్తుంది. రుజువు అయిందని అనను, బలం వస్తుంది.

రెండో కారణం చాలామందికి తట్టదు. మీరు పెంచింది డైకేరియాన్, అంటే ప్రతి కణంలో రెండు కేంద్రకాలు, ఒకటి తల్లి వైపు ఒకటి తండ్రి వైపు అనుకోండి. ఒకే లాకేజ్ జన్యువుకు రెండు చోట్లా కొంచెం తేడా ఉన్న రెండు ప్రతులు ఉండొచ్చు, ఒకటి రెండు అమైనో ఆమ్లాల తేడాతో చార్జ్ మారితే నేటివ్ జెల్‌లో రెండు బ్యాండ్లుగా విడిపోతాయి. నిజం తేలాలంటే పుట్టగొడుగు గొడుగు కింద నుంచి బీజాలు తీసి, ఒక్కో బీజం నుంచి ఒంటి కేంద్రకం కల్చర్లు పెంచి చూడాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఇంత అక్కర్లేదు, కానీ వైవాలో ఈ అవకాశం ఉందని మీరే ముందు చెప్తే అడిగేవాళ్లకు మీరు ఆలోచించారని తెలుస్తుంది.

మూడోది చక్కెరలు. ప్రోటీన్ ఒకటే, అంటుకున్న చక్కెర గొలుసుల పొడవు వేరు, జెల్‌లో దగ్గర దగ్గరగా రెండు బ్యాండ్లు, లేదా పలుచని మరకలా సాగిన బ్యాండ్. ఎండో హెచ్ అనే ఎంజైమ్‌తో ఆ గొలుసులు కత్తిరించి మళ్లీ నడిపితే, రెండూ కలిసి ఒకటైతే అవి చక్కెర తేడాలే. లాకేజ్ గట్టిది, మరిగించకుండానే ఈ కత్తిరింపు చాలావరకు తట్టుకుంటుంది.

నాలుగోది కోత, దీని దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే నా ఆరు నెలలు ఇందులోనే పోయాయి. కొన్ని కోతలు ఫంగస్ తనంతట తాను చేసుకునేవే. మెలానోకార్పస్, మైసిలియోఫ్తోరా లాంటి వేడిని ఇష్టపడే ఫంగస్‌ల లాకేజ్ తయారయ్యాక తోక భాగంలో కొన్ని అమైనో ఆమ్లాలు తెగిపోయాకే పూర్తి రూపం వస్తుంది. అది సహజం. కానీ ముదిరిన కల్చర్‌లో ఫంగస్ వదిలే, ప్రోటీన్లను కోసే ప్రోటియేజ్‌లు లాకేజ్‌ను అక్కడక్కడా కొరుకుతాయి, కొరికినా అది పని చేస్తూనే ఉంటుంది, జెల్ మీద మాత్రం కొత్త చోట కనిపిస్తుంది. నేను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో ఒక ఏప్రిల్ నెలలో, మేం పనిచేసే చోట రాత్రంతా కరెంటు లేదు, కోల్డ్ రూమ్‌లో పెట్టిన రసం గది వేడికి వచ్చేసింది, అనంతపురం ఏప్రిల్ అంటే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. పొద్దున జెల్ నడిపితే రెండు బ్యాండ్ల చోట మూడు. నేను ఆ రాత్రి సంగతి దీనికి ముడిపెట్టలేదు. మూడోదాన్ని కొత్త రూపం (ఐసోఫారమ్) అనుకుని కాలమ్‌లలో విడదీసి, పీహెచ్, ఉష్ణోగ్రత, కేఎం అన్నీ కొలిచి పేపర్ రాయడానికి కూర్చున్నాక, తాజాగా తీసిన రసంలో ఆ బ్యాండ్ ఎంత వెతికినా కనపడలేదు. ప్రోటీన్ మొదటి కొసలోని అమైనో ఆమ్లాల వరస (ఎన్ టెర్మినల్) చదివించాక రెండో బ్యాండ్‌కూ మూడోదానికీ ఒకటే వరస వచ్చింది. అప్పటి నుంచి ప్రతి శాంపిల్ ట్యూబ్ మీద తీసిన గంట కూడా రాస్తాను.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పరీక్ష ఇదీ. తాజాగా కొత్త శాంపిల్ తీయండి, తీసేటప్పుడే ఐస్ మీద పెట్టి, సగానికి ప్రోటియేజ్‌లను ఆపే పిఎంఎస్ఎఫ్, పెప్‌స్టాటిన్ రెండూ కలపండి. పిఎంఎస్ఎఫ్ ఒక్కటే వేస్తే చాలదు, మన ఫంగస్‌ల ప్రోటియేజ్‌లలో ఆమ్ల పీహెచ్‌లో పని చేసేవి చాలా ఉంటాయి, వాటిని ఆపేది పెప్‌స్టాటిన్. ఒక గంటలోపు జెల్ నడపండి. తర్వాత అదే జెల్‌లో రంగు వేయని పక్క లేన్ నుంచి పై బ్యాండ్ ఉన్న ముక్కను బ్లేడుతో కోసి, కొంచెం బఫర్‌లో రాత్రంతా నాననిచ్చి, వచ్చిన రసంలో సగం ఐస్ మీద, సగం 37 డిగ్రీల దగ్గర ఒక రోజు పెట్టి మళ్లీ నడపండి. పై బ్యాండ్ నుంచి కింది బ్యాండ్ పుడితే మీకు జవాబు దొరికినట్టే. పైది పైదిగానే ఉంటే కోత అనుమానం చాలావరకు తీరిపోతుంది. ఖర్చు లేని పని, ఏ మెషీనూ అక్కర్లేదు.

జెల్ గురించి రెండు మూడు జాగ్రత్తలు. శాంపిల్ మరిగించకూడదు, మెర్కాప్టోఇథనాల్ వేయకూడదు, ఇది మీకు తెలిసే ఉంటుంది. నేటివ్ జెల్‌లో ఎంత దూరం పరిగెత్తిందన్నది బరువు మీద మాత్రమే కాదు, చార్జ్ మీద కూడా ఉంటుంది, కాబట్టి పక్కన మార్కర్ వేసి "ఈ బ్యాండ్ 43 కిలోడాల్టన్లు" అని రాయకండి, నేను సరిచూసిన రికార్డుల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించే తప్పు ఇదే. జెల్ లోపల పీహెచ్ 8.8, అక్కడ ఎబిటిఎస్‌కు పని జరగదు, ముందు పావుగంట అసిటేట్ బఫర్ 4.5లో ఊపి, తర్వాత రంగు వేయండి. ఎబిటిఎస్ ఆకుపచ్చ నీళ్లలోకి కారిపోతుంది, రెండు బ్యాండ్లు దగ్గరగా ఉంటే అయిదు నిమిషాల్లో కలిసిపోతాయి, ఫోటో వెంటనే తీయాలి. గ్వాయకాల్ ఎరుపు గోధుమ రంగు అక్కడే నిలుస్తుంది. అందుకే ఒక్క సబ్‌స్ట్రేట్‌తో (ఎంజైమ్ పని చేసే పదార్థంతో) ఆగకుండా పక్క పక్క లేన్లు కోసి ఒకటి ఎబిటిఎస్‌లో, ఒకటి గ్వాయకాల్‌లో, ఒకటి 2,6 డైమెథాక్సీ ఫీనాల్‌లో వేయండి. కొన్ని రూపాలు గ్వాయకాల్‌ను దాదాపు ముట్టవు, అదే రూపం ఎబిటిఎస్‌తో మెరిసిపోతుంది. మూడు బ్యాండ్లలో ఒకటి గ్వాయకాల్ లేన్‌లో మాయమైతే, అది మంచి సమాచారం.

ఇది లాకేజేనా అన్నదానికి. ఆయిస్టర్ మాంగనీస్ పెరాక్సిడేజ్‌లు కూడా చేస్తుంది, కల్చర్‌లో ఎక్కడో కొంచెం పెరాక్సైడ్ మిగిలి ఉంటే అవి కూడా ఎబిటిఎస్‌ను పచ్చగా చేస్తాయి. చాలామంది సోడియం అజైడ్ వేసి, రంగు ఆగిపోయింది కాబట్టి లాకేజ్ అంటారు. అజైడ్ లాకేజ్‌నూ ఆపుతుంది, పెరాక్సిడేజ్‌నూ ఆపుతుంది, దాంతో ఏమీ తేలదు. దాని బదులు కెటలేజ్ వేసి పెరాక్సైడ్‌ను తీసేయండి, అప్పటికీ రంగు వస్తే గాలితో నడిచే ఎంజైమే. ఫీనాల్‌లను మార్చే ఇంకో రాగి ఎంజైమ్ టైరోసినేజ్ అనుమానం ఉంటే సిరింగాల్డజీన్ వేసి చూడండి, లాకేజ్ దాన్ని గులాబీ ఊదా రంగుకు తెస్తుంది, టైరోసినేజ్ తేలేదు, టైరోసిన్‌ను మాత్రం టైరోసినేజే మారుస్తుంది, లాకేజ్ మార్చదు. ఇంకొకటి, కంటామినేషన్ అనుమానం నిజంగా తీరాలంటే జెల్ వైపు చూడడం కాదు, అదే కుండీ నుంచి పొట్టు ముక్క తీసి ప్లేటు మీద పెట్టి మూడు రోజులు చూడండి. ట్రైకోడెర్మా అనే బూజు ఉంటే ఆకుపచ్చగా బయటపడుతుంది.

ఇక పీహెచ్. మీకు వచ్చిన 3, 5.5 రెండూ సరైన అంకెలే, ఒకే ఎంజైమ్‌కు కూడా అలా రావచ్చు, దీనికి మూడు రూపాలు అక్కర్లేదు. ఇక్కడ రెండు శక్తులు ఎదురెదురు లాగుతుంటాయి. పీహెచ్ పెరిగేకొద్దీ ఫీనాల్ తన ప్రోటాన్‌ను వదిలేసి ఎలక్ట్రాన్ ఇవ్వడానికి ఇంకా సులభంగా ఒప్పుకుంటుంది, అంటే వేగం పెరగాలి. అదే సమయంలో నీళ్లలో పెరిగే హైడ్రాక్సైడ్ అయాన్ పోయి లోపలి టైప్ 2 రాగి దగ్గర కూర్చుని దారి మూస్తుంది, అంటే వేగం తగ్గాలి. రెండూ కలిసి గ్వాయకాల్‌కు మధ్యలో ఎత్తుగా, గంట ఆకారంలో గీత వస్తుంది. ఎబిటిఎస్‌కు వదలడానికి ప్రోటాన్ లేదు, దానికి మొదటి లాభం దొరకదు, రెండో నష్టం మాత్రం ఉంటుంది, కాబట్టి పీహెచ్ తగ్గేకొద్దీ వేగం పెరుగుతూనే పోతుంది. ఇది అర్థం చేసుకుంటే "ఈ ఎంజైమ్ ఆప్టిమమ్ పీహెచ్ ఎంత" అన్న ప్రశ్నకు సబ్‌స్ట్రేట్ పేరు చెప్పకుండా జవాబు లేదని తెలుస్తుంది. యూనిట్లకు కూడా ఇదే వర్తిస్తుంది, ఒకే సీసాలోని రసం ఎబిటిఎస్‌తో చూపే యూనిట్లు, గ్వాయకాల్‌తో చూపే యూనిట్లు చాలా దూరంగా ఉంటాయి, రెండు పేపర్ల యూనిట్లను పోల్చి "మాది పదింతలు ఎక్కువ" అనడం తప్పు. ఎబిటిఎస్‌కు 420 నానోమీటర్ల దగ్గర గుణకం 36,000 అని మీ లెక్కలో స్పష్టంగా రాయండి.

ఫంగస్‌ల మధ్య నిజమైన తేడాలు కూడా ఉంటాయి. మన కేసీ కాలువ కింద వరిలో పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా సొలానీలో నాలుగు లాకేజ్ జన్యువులను 1996లో బయటపెట్టారు, దాని లాకేజ్ సిరింగాల్డజీన్ మీద పీహెచ్ 7 దగ్గర కూడా హాయిగా పనిచేస్తుంది. చెక్క మీది ఫంగస్‌ల లాకేజ్‌లు అక్కడికి వచ్చేసరికి నీరసపడతాయి. చెక్కను కుళ్లబెట్టే చోటు ఆమ్లంగా ఉంటుంది, బతికున్న మొక్క కణజాలం తటస్థానికి దగ్గరగా ఉంటుంది, ఎవరి ఇంటికి తగ్గ పనిముట్టు వాళ్లది అని నేను అనుకుంటాను. కణం బయట లిగ్నిన్ పని ఒకరిది, విషపు ఫీనాల్‌లను గట్టిపరిచి పక్కన పడేసే పని ఒకరిది, బీజాలకు రంగు పట్టించే పని ఇంకొకరిది. ఆస్పర్‌జిల్లస్ నిడులాన్స్ బీజాల ఆకుపచ్చ రంగు ఒక లాకేజ్ వల్ల, ఆ జన్యువు చెడితే బీజాలు పసుపుగా ఉండిపోతాయి. మనిషి మెదడుకు సోకే క్రిప్టోకాకస్ నల్లని మెలనిన్ కప్పుకుని మన రోగనిరోధక కణాలను తట్టుకోవడానికి కూడా లాకేజే కావాలి. ఒక్క ఎంజైమ్‌తో ఇన్ని పనులు అవ్వవు.

నీలం రంగు సంగతి లెక్క వేసి చూపిస్తాను. టైప్ 1 రాగి 600 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చే గుణకం దాదాపు 5,000. మీ లాకేజ్ 60 కిలోడాల్టన్లు అనుకుంటే, పూర్తిగా శుద్ధి చేసి ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము కట్టినా అది 17 మైక్రోమోలార్ కూడా కాదు, రీడింగ్ 0.08 వస్తుంది. మీ కచ్చా రసంలో లాకేజ్ దానికి ఎన్నో వంతు తక్కువ, పైగా శనక్కాయ పొట్టులో ల్యూటియోలిన్ లాంటి ఫీనాల్ పదార్థాలు దిగి డికాక్షన్ రంగు తెచ్చాయి. నీలం కనపడకపోవడంలో వింత లేదు. ఆ ఫీనాల్‌లు ప్రోటీన్‌కు అంటుకుని బ్యాండ్లను మసక చేస్తాయి కూడా, తీసేటప్పుడే కరగని పాలీవినైల్ పాలీపైరోలిడోన్ కొంచెం కలిపి వడగడితే జెల్ శుభ్రంగా వస్తుంది. అయితే శుద్ధి చేశాక కూడా నీలం రాని లాకేజ్‌లు నిజంగానే ఉన్నాయి. మీ ఆయిస్టర్‌లోనే 1997లో ఒక తెల్ల లాకేజ్ దొరికింది, అందులో నాలుగు రాగి అణువుల బదులు ఒక రాగి, రెండు జింక్, ఒక ఇనుము ఉన్నాయని తేలింది. పానస్ టైగ్రినస్‌ను పొట్టు లాంటి గట్టి పదార్థం మీద పెంచినప్పుడు పసుపు లాకేజ్ వచ్చింది, లిగ్నిన్ ముక్కలు అంటుకుని రాగి స్థితి మారడం వల్ల అని దాన్ని చూసినవాళ్ల వివరణ. మీది కూడా గట్టి పదార్థం మీద పెరిగిందే కాబట్టి ఇది గుర్తుంచుకోండి, కానీ శుద్ధి చేయకుండా ఆ మాట వాడొద్దు.

రంగు నీళ్లకు ఏది పనికొస్తుందన్నది రెడాక్స్ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్‌ను లాక్కునే బలం) మీద చాలా ఉంటుంది. లాకేజ్‌లలో టైప్ 1 రాగి పొటెన్షియల్ 430 నుంచి 790 మిల్లీవోల్టుల దాకా ఉంటుంది, ట్రామిటిస్ రకాలు పై కొసలో, మైసిలియోఫ్తోరా కింది కొసలో, ఆయిస్టర్‌వి మధ్యలో. దీన్ని మించిన పదార్థాల దగ్గర లాకేజ్ ఒక్కటే చేతులెత్తేస్తుంది, మధ్యవర్తి కావాలి: చిన్న అణువు లాకేజ్ దగ్గర ఎలక్ట్రాన్ పోగొట్టుకుని, తాను పోయి రంగు దగ్గర లాక్కుంటుంది. 1990లో ఎబిటిఎస్‌నే అలా వాడొచ్చని చూపించారు, 1996 నుంచి జీన్స్ బట్టల నీలిమందు తెల్లబరచడానికి మధ్యవర్తితో కలిపిన లాకేజ్ మార్కెట్లోకి వచ్చింది. మన రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్ల బట్టలకు కూడా ఆ పాతబడిన రూపు తేవడానికి ఇది ఒక దారి. పట్టు అద్దకం నీళ్లలో ఉప్పు ఉంటుంది, క్లోరైడ్ చాలా లాకేజ్‌లను అడ్డుకుంటుంది, ఒక్కో రూపాన్ని ఒక్కో మేరకు. కాబట్టి మీ మూడు బ్యాండ్ల ముక్కలను విడివిడిగా నానబెట్టి తీసిన రసంతో, ఉప్పు లేకుండా ఒకసారి, ఉప్పు కలిపి ఒకసారి, అదే రంగు మీద చూడండి. ఉప్పులో ఏ బ్యాండ్ నిలబడితే అదే మీ ప్రాజెక్టుకు అసలు ఫలితం, అది ఏ జన్యువుదో తర్వాత తేల్చుకోవచ్చు. రంగు పోయినంత మాత్రాన నీళ్లు శుభ్రమయ్యాయని రాయకండి, విరిగిన ముక్కలు విషం కావొచ్చు, పెసలు మొలకెత్తించి చూసినా సరే, ఏదో ఒక పరీక్ష పెట్టండి.

పిఐని బట్టి ప్రోటీన్లను విడదీసే ఐసోఎలక్ట్రిక్ ఫోకసింగ్ సెట్ మీ దగ్గర లేదని రాశారు, మా దగ్గర ఉంది. కర్నూలు నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా ఇక్కడ ఉంటారు. రసాన్ని అమ్మోనియం సల్ఫేట్‌తో దించి, ఆ ముద్దను థర్మోకోల్ డబ్బాలో ఐస్ మధ్య పెట్టుకుని రండి. ఒక చిన్న సీసాలో కరిగించిన శాంపిల్ కూడా తెచ్చేట్టయితే పీహెచ్ 6.5 ఫాస్ఫేట్ బఫర్‌లో తెండి, కొలిచే పీహెచ్ 3లో వద్దు. లాకేజ్ ఆమ్లంలో వేగంగా పని చేస్తుంది గానీ అక్కడ ఎక్కువసేపు బతకదు, తటస్థం దగ్గర నెమ్మదిగా ఉన్నా చాలా రోజులు నిలుస్తుంది. ట్యూబ్ మీద తీసిన రోజు, గంట రెండూ రాయండి.